నర్సింలు టాక్సీ మరిగిన ఏడాది

పందొమ్మిది వందల అరవై ఆరులో నిజామాబాద్ రైల్వే స్టేషన్ ఎదుట ఏడు టాక్సీలు ఆగేవి. ఆరింటి బానెట్లు ఎవరు పడితే వాళ్లు ఎత్తేవారు. ఒకరి బండిలో నీళ్లు తగ్గితే ఇంకొకరు పోసేవారు. ఒకరి పానా ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉండేది. ఏడో బండి నర్సింలుది. దాని బానెట్‌కి ఇత్తడి తాళం, పెట్రోలు మూతకి ఇంకో తాళం, డిక్కీకి గొలుసు. మూడు తాళంచెవులనూ మొలతాడుకి కట్టుకుని, నడుస్తుంటే చప్పుడు కాకుండా వాటికి గుడ్డపేలిక చుట్టుకునేవాడు. ఎవరైనా ఆ బండికి ఆనుకుని నిలబడితే చాలు, టీ గ్లాసు అక్కడే వదిలేసి వచ్చేవాడు.

అలాగని నర్సింలు చెడ్డవాడు కాదు. ఒకరి సొమ్ము ముట్టడు, తాగడు, ఎక్కినవాళ్లతో పరుషంగా మాట్లాడడు. వర్ని దగ్గరి పల్లె నుంచి ఇరవై ఏళ్ల వయసులో వచ్చి ఒక వడ్ల లారీ మీద క్లీనర్‌గా చేరాడు. రెండేళ్లు నమ్మకంగా పనిచేశాడు. ఒకరోజు లారీ స్టెప్నీ టైరు మాయమైంది. అంతకు ముందురోజు దాకా తనతో ఒకే పళ్లెంలో తిన్న డ్రైవరే, అడిగిన వెంటనే నర్సింలు పేరు చెప్పాడు. ఠాణాలో మూడు రోజులు గోడకి ఆనించి కూర్చోబెట్టారు. నాలుగో రోజు టైరు ఆ డ్రైవర్ అన్నగారి కొట్టంలో దొరికింది. నర్సింలుని పొమ్మన్నారు. పొరపాటైందని ఒక్కరూ అనలేదు. దగ్గర మసిలేవాడే చేస్తాడని అతనికి అప్పుడు మనసులో పడింది. ఆ తర్వాత పెళ్లయినా, బండి కొనుక్కున్నా, తల నెరిసినా ఆ మాట పోలేదు.

అతని బండి పాత విలాయతి కారు. హైదరాబాదులో రిటైరైన ఒక ఇంజనీరు దగ్గర కొన్నాడు. నల్లరంగు, తోలు సీట్లు, డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ వేడి చూపించే చిన్న ముల్లు. దాన్ని నిజామాబాద్, బోధన్ మధ్య తిప్పేవాడు. తాను తిప్పలేని రోజుల్లో భార్య వసంతమ్మ తమ్ముడు రాజారాం తిప్పేవాడు. బండి వరకూ నర్సింలు నమ్మిన మనిషి ఈ లోకంలో అతనొక్కడే. తాళంచెవుల్లో ఒక జత అతని దగ్గర కూడా ఉండేది.

నవంబరులో చెరకు ఆడటం మొదలైతే బోధన్ దారి దారిలా ఉండదు. ఫ్యాక్టరీ గేటు నుంచి ఊరి బయటకి మైలున్నర దాకా చెరకు బండ్ల బారు. ఎడ్లు నెమరువేస్తూ నిలబడతాయి, బండివాళ్లు బండి కిందే వండుకు తింటారు. రోడ్డులో సగం వాళ్లదే. మిగిలిన సగంలో లారీలు, బస్సులు, ట్రాక్టర్లు, కార్లు నడిచే మనిషికన్నా నెమ్మదిగా కదులుతాయి.

ఆ బారులోనే మొదటిసారి బండి మరిగింది. ఆ రోజు తిప్పింది రాజారాం. మధ్యాహ్నం తిరిగొచ్చి, బండి దిగుతూనే చెప్పాడు.

"బావా, షుగర్ ఫ్యాక్టరీ కాడ మస్తు మరిగింది. పొగలొచ్చినయ్. సల్లారబెట్టి నీళ్లు పోసుకొని తెచ్చిన. ఫ్యాన్ బెల్టు లూజైంది, జర సూడు."

నర్సింలు బానెట్ ఎత్తాడు. బెల్టు నిజంగానే వదులుగా ఉంది. వేలితో నొక్కితే అంగుళమున్నర లోపలికి పోయింది. అతని ముఖం మారింది.

"దసరాకు కొత్త బెల్టేసి నా చేతుల్తోని బిగించిన. నెల దిరిగెవరకు ఎట్ల లూజైతది?"

"అయితది బావా, బెల్టన్నంక..."

"నీళ్లు ఎన్ని పోసినవ్?"

"సగం బకీటు బట్టింది."

"గన్ని నీళ్లు యాడికి పోయినయ్?"

"మరిగితే పోవా?"

"మరిగినంక పోయినయో, పోయినంక మరిగిందో నీకెట్ల ఎర్క?"

రాజారాం నవ్వబోయి ఆగిపోయాడు. బావ నవ్వడం లేదు. ముందురోజు సాయంత్రం నర్సింలు ఒకటి చూశాడు. ఆత్మారాం అనే ఇంకో టాక్సీ డ్రైవర్‌తో రాజారాం హోటల్లో టీ తాగుతున్నాడు. ఆత్మారాం కొన్నాళ్లుగా బోధన్ పాసింజర్లని తనవైపు పిలుచుకుంటున్నాడు. ఆ టీకి, ఈ బెల్టుకి, సగం బకెట్టు నీళ్లకి నర్సింలు బుర్రలో క్షణంలో ముడిపడిపోయింది. రేడియేటర్ అడుగున నీళ్లు వదిలే చిన్న నల్లా ఉంటుంది. కింద నుంచి చెయ్యి పెడితే అందుతుంది. ఎవడో దాన్ని తిప్పాడు. బానెట్ తెరిచి బెల్టు కూడా వదులు చేశాడంటే, ఆ ఎవడో తాళంచెవి ఉన్నవాడే.

ఇంటికి పోయాక వసంతమ్మ ముందే అడిగాడు. "ఆత్మారాం ఏమిస్తనన్నడు నీకు? నా బండి పండబెడితే నిన్ను ఆయన బండి మీద బెట్టుకుంటనన్నడా?"

రాజారాం జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవుల జత తీసి గడప మీద పెట్టాడు. "అక్కా, పోతున్న" అని మాత్రం అన్నాడు. బావ వైపు చూడలేదు.

వసంతమ్మ తమ్ముడి వెనుక వీధి చివరిదాకా పోయి, ఒక్కతే తిరిగొచ్చింది. "నిన్ను ఠాణాల కూసోబెట్టిన మూడు దినాలు ఇయ్యాల్టికీ జెప్తవు. నా తమ్మున్ని ఎన్ని దినాలు కూసోబెడ్తవు?" అంది. ఆ రోజు నుంచి ఆమె అతనికి అన్నం పెట్టేది కానీ అతనితో కలిసి తినడం మానేసింది.

మర్నాడు నర్సింలు కొత్త బెల్టు వేశాడు. అంతటితో ఆగలేదు. గంజ్ మార్కెట్ పక్కన డబ్బాల పని చేసేవాడి దగ్గరికి పోయి రెండు రేకులు కోయించాడు. ఒకటి ముందు జాలీ వెనుక, రేడియేటర్ కింది సగానికి అడ్డంగా. ఇక ముందు నుంచి ఎవరూ వేళ్లు దూర్చలేరు. ఇంకోటి ఇంజన్ అడుగున, రేడియేటర్ మొదలు గేరు పెట్టె దాకా. ఇక కింద దూరి నల్లా తిప్పడం ఎవరి తరమూ కాదు. రెండింటికీ కలిపి పదహారు స్క్రూలు బిగించి, పైనుంచి నల్లరంగు పూశాడు. చూసేవాళ్లకి రేకు ఉన్నట్టే తెలియదు. ఆ పని చేసిన సాయంత్రం అతనికి చాలా రోజుల తర్వాత మనసు కుదుటపడింది.

నాలుగో రోజే బండి మళ్లీ మరిగింది. అదే దారిలో, అదే చెరకు బారులో. డిసెంబరు నెలాఖరుకి ఐదుసార్లయింది. విచిత్రమేమంటే, నిజామాబాద్ నుంచి ఎడపల్లి దాటేదాకా ముల్లు మధ్యలో మేకు కొట్టినట్టు కదిలేది కాదు. బోధన్ ఊరి మొదట్లో బండ్ల వెనుక ఆగి కదిలి, ఆగి కదిలి పోతుంటే ముల్లు మెల్లగా లేచేది. పావుగంటలో కొసకి చేరేది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమనేది. పాసింజర్లు దిగి నడుచుకుంటూ పోయేవారు.

నర్సింలు వెతకడం మొదలుపెట్టాడు. అయితే వెతికింది ఇంజన్‌లో కాదు. ఎక్కడ ఆపినప్పుడు ఎవరు దగ్గరలో ఉన్నారో గుర్తుపెట్టుకునేవాడు. రేడియేటర్ మూతకి సన్నని తీగ చుట్టి, కొసల మీద సీసం అదిమి, తన ఉంగరంతో ముద్ర వేశాడు. బానెట్ సందు మీద జనపనార పోగు ఒకటి అంటించాడు. బండి మరిగిన ప్రతిసారీ ముందు ఆ రెండూ చూసుకునేవాడు. ముద్ర చెదరలేదు. పోగు తెగలేదు. ఇంకొకరైతే అక్కడితో ఎవరూ ముట్టలేదని అనుకునేవారు. నర్సింలు మాత్రం చేసేవాడు తనకన్నా తెలివైనవాడని అనుకున్నాడు.

స్టేషన్ దగ్గరి నల్లా నీళ్లలో ఏదో కలుపుతున్నారని ఇంటి దగ్గర నుంచి డబ్బాలో నీళ్లు తేవడం మొదలుపెట్టాడు. పెట్రోలు పోసేవాడు ఆత్మారాంకి దూరపు చుట్టమని తెలిసి, ఇంకో బంకుకి మారాడు. ఒక్కోసారి బారులో ఆగి ఉన్నప్పుడు అద్దంలో వెనుక సీటు మనుషుల ముఖాలు చూస్తూ, వీళ్లలో ఎవరైనా వాళ్ల మనిషేమో అనుకునేవాడు. ఎదురుగా ముల్లు లేస్తున్నా చూసేవాడు కాదు.

జనవరి మూడో వారంలో భోజన్న అనే రైతు టాక్సీ కోసం బోధన్‌కి మనిషిని పంపాడు. భోజన్నకి వర్ని దగ్గర కాలువ కింద పొలం ఉంది. కోడలు గంగవ్వకి నొప్పులు వచ్చి ఒక రోజు దాటింది, కాన్పు కావడం లేదు, బోధన్ ఆసుపత్రికి తీసుకుపోవాలని కబురు. నర్సింలు ఆ రోజు బోధన్‌లోనే ఉన్నాడు. వెంటనే పోయాడు. వెనుక సీట్లో గంగవ్వని పడుకోబెట్టి, తల ఒడిలో పెట్టుకుని మంత్రసాని దేవవ్వ కూర్చుంది. ముందు భోజన్న.

వర్ని నుంచి రోడ్డు ఖాళీగా ఉంది. బండి బాగానే పరుగెత్తింది. బోధన్ రెండు మైళ్లుందనగా అటువైపు నుంచి కూడా చెరకు బండ్ల బారు ఎదురైంది. ముందు ఒక లారీ ఇరుసు విరిగి అడ్డం పడింది. నర్సింలు హారన్ కొట్టాడు, అరిచాడు, అంగుళం అంగుళం జరిపాడు. ముల్లు లేచింది. గంగవ్వ మూలుగు అరుపయింది. బానెట్ నుంచి ఆవిరి లేచి ముందు అద్దం కనబడకుండా పోయింది. ఇంజన్ ఒకసారి వణికి ఆగిపోయింది.

నర్సింలు దూకి ముందుకు పోయాడు. వంగి, ఆ ఆవిరిలోనే బానెట్ సందు మీద పోగు తెగిందా లేదా అని చూశాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, తాళం తీసి, మూత మీద సీసం ముద్ర చూశాడు. తర్వాత నిలబడి చుట్టూ ఉన్న బండివాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూడసాగాడు.

"ఓ నాయినా! ఏం జూస్తున్నవ్ గాడ?" దేవవ్వ తలుపు తెరిచి కేక పెట్టింది. "ఇక్కడ పానం పోతున్నది!"

పక్కనున్న బండి ఎద్దు ఒకటి తల కదిలించింది. ఆ బండిరైతు ఎవరో, ఎవరూ చెప్పకుండానే తన చెరకు మోపులన్నీ రోడ్డు పక్క గుంతలోకి తోసేశాడు. నలుగురు కలిసి గంగవ్వని ఆ బండిలోకి ఎత్తారు. ఎడ్లని పొలంలోకి దించి, గట్లు దాటించి, వరి మడి చివరి నుంచి తోలుకుపోయారు. దేవవ్వ బండి పట్టుకుని పరుగెత్తింది. నర్సింలు తాళంచెవి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

తల్లీ బిడ్డా బతికారు. ఆడపిల్ల. ఆ సంగతి తెలిశాక నర్సింలు ఆసుపత్రికి పోయాడు. వరండాలో భోజన్న కూర్చుని ఉన్నాడు. కోప్పడలేదు. అలసిపోయినవాడిలా అన్నాడు. "బండ్లన్నంక మరుగుతయ్, నర్సింలూ. గది నీ తప్పనను. గని నీ ధ్యాసంత తాళం మీదనే ఉండె. ఆడిమనిషి ఒర్రుతుంటె ఒక్కపారి గూడ ఎనకకు సూడకపోతివి."

ఆ మాట అతనికి లోపలికి దిగింది. నిందని ఎదుర్కోవడం అతనికి కొత్త కాదు. ఇది మాత్రం నిజం.

అక్కడే ఉన్న దేవవ్వ వెళ్లబోతూ ఆగి, "శక్కర్‌నగర్‌ల ఏసుదానం అని ఉన్నడు. ఫ్యాక్టరీల బాయిలర్ల కాడ ఇరువై అయిదేండ్లు జేసిండు. మరిగేటి సంగతి గాయనకెర్క. పో, సూపియ్యి" అంది.

ఏసుదానం అరవై దాటినవాడు. ఎండిన మనిషి, చేతుల మీద పాత కాలిన మచ్చలు. ఫ్యాక్టరీ వాళ్ల కాలనీ శక్కర్‌నగర్‌లో, చర్చికి పోయే దారిలో రెండు గదుల ఇల్లు. ఇంటి ముందు కానుగ చెట్టు. నర్సింలు బండి తెచ్చి ఆ నీడలో ఆపాడు. ఏసుదానం భార్య రూతమ్మ టీ తెచ్చి ఇస్తే, ఆమె లోపలికి పోయేదాకా గ్లాసు పట్టుకునే ఉండి, ఏసుదానం తన గ్లాసు తాగాకే తాను తాగాడు.

"ముందుగాల గిది జెప్పు," అన్నాడు ఏసుదానం. "యాడ మరుగుతది? యాడ మరగది?"

"బోధన్ల మరుగుతది కాకా. ఆత్మారాం మనుషులు ఈడనే..."

"మనుషుల సంగతి నేనడగలే. బండి సంగతి జెప్పు. ఉరికేటప్పుడు మరుగుతదా, నిలబడ్డప్పుడు మరుగుతదా?"

నర్సింలు ఆలోచించాడు. ఆ ప్రశ్న తాను ఎప్పుడూ వేసుకోలేదు. "నిలబడ్డప్పుడు. మెల్లగ పోయేటప్పుడు. ఉరికితే మంచిగనే ఉంటది."

"గట్లయితే సగం పనయింది."

ఆ ముసలాయన తొందరపడే మనిషి కాదు. ఒక్కో భాగాన్నీ విడిగా పట్టుకుని అడిగినట్టే చూశాడు. సీసం ముద్ర కనబడితే నర్సింలు వైపు చూసి, అతనితోనే దాన్ని విప్పించాడు. మూత లోపలి రబ్బరు చూశాడు, బాగుంది. బెల్టు బొటనవేలితో నొక్కాడు, బిగువుగా ఉంది. ఇంజన్ చల్లారాక పై గొట్టం విప్పి, లోపల వేడికి తెరుచుకునే చిన్న ఇత్తడి మూత ఒకటి బయటకి తీశాడు. రూతమ్మ పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. దాన్ని దారానికి కట్టి ఆ నీళ్లలోకి దించితే, పువ్వు విచ్చినట్టు మెల్లగా తెరుచుకుంది. "గిది గూడ కాదు" అని పక్కన పెట్టాడు. రేడియేటర్ పై నుంచి బకెట్టు నీళ్లు గుప్పించాడు. విప్పి పక్కకి తిప్పి పట్టిన కింది గొట్టం నుంచి అంతే జోరుగా నేల మీద పడ్డాయి. లోపల ఎక్కడా మట్టి అడ్డం లేదు.

ఇదంతా జరుగుతున్నంత సేపూ నర్సింలు అతని చేతుల మీద నుంచి చూపు తిప్పలేదు. ఏసుదానం జేబులోకి చెయ్యి పెడితే, ఏం తీస్తాడా అని వంగి చూశాడు. ముక్కుపొడి డబ్బా తీశాడు.

అన్నీ మళ్లీ బిగించాక ఏసుదానం ఇంజన్ నడిపించి ఊరికే వదిలేశాడు. రూతమ్మని అడిగి ఒక పాత పేపరు తెప్పించి, దాన్ని బండి ముందు జాలీకి ఎదురుగా పట్టుకుని వదిలాడు. పేపరు పై సగం జాలీకి అతుక్కుపోయింది. కింది సగం వేలాడి ఊగింది. రెండోసారి, మూడోసారి కూడా అలాగే.

"ఫ్యాన్ గాలి గుంజితే కాయిదం మొత్తం అతుకాలె. కింద ఏముంది?"

"ఏం లేదు."

ఏసుదానం వంగి వేలు దూర్చాడు. టంగుమని చప్పుడైంది. "రేకు. ఎవలు పెట్టిండ్రు?"

"నేనే."

"ఎందుకు?"

నర్సింలు చెయ్యి మొలతాడు మీది తాళంచెవులకి పోయింది. ఏసుదానం నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందకి చూశాడు. చాలాసేపటికి లేచి, వీపు దులుపుకుంటూ చెప్పాడు. "రోడ్డు మీద ఉరికేటప్పుడు ఎదురుగాలి జబర్దస్తిగ దూరుతది. బండి నిలబడితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు. ముంగట నుంచి సల్లటి గాలి రావాలె, ఏడెక్కిన గాలి కిందికెల్లి బయటికి పోవాలె. నువ్వు ముంగట సగం మూసినవ్. కింద మొత్తం మూసినవ్. ఏడిగాలి తొవ్వ లేక లోపల్నే తిరుగుతున్నది. ఫ్యాన్ గా గాలినే మల్ల మల్ల గుంజుతున్నది."

"మొదటిపారి మరిగినప్పుడు రేకులు లేవు కాకా!" నర్సింలు గొంతు ఎత్తాడు.

"అప్పుడు బెల్టు లూజుండె అంటివి గదా."

"ఎవడో లూజు జేసిండు."

"కొత్త బెల్టు నెల రోజులకు సాగుతది బిడ్డా. మల్లొకపారి బిగియ్యాలె. ఎవలూ సాగదియ్యక్కర లేదు."

లోపలి నుంచి రూతమ్మ అందుకుంది. "రాజారాం గూడ గదే జెప్పిండు గదా మొన్న. బావ బెల్టు మీద గింత లొల్లి జేసిండని."

నర్సింలు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. "రాజారాం ఈడికొస్తడా?"

"ఫ్యాక్టరీ చెరుకు ట్రాక్టర్ నడుపుతున్నడు. ఎండపూట ఈ నీడకు ఆగుతడు, మంచినీళ్లు తాగుతడు" అంది ఆమె, తప్పేమిటో తెలియక.

నర్సింలుకి అంతా అర్థమైపోయినట్టే ఉంది. దేవవ్వ ఈ ఇల్లే ఎందుకు చెప్పింది? ఈ ముసలాయన అన్నీ బాగున్నాయని చెప్పి, తీసేయమన్నది ఒక్క ఆ రేకులనే ఎందుకు? రేకులు పోతే నల్లా చేతికి అందుతుంది. "అందరు గల్సి మంచిగనే జట్టు కట్టిండ్రు" అన్నాడు. బానెట్ దభాలున మూసి తాళం వేశాడు.

ఏసుదానం నొచ్చుకున్నట్టు కనబడలేదు. "నీకు నా మీద శక్ ఉన్నది. ఉండనియ్యి. నేను ముట్ట. రాజారాం ముట్టడు. నువ్వే ఇప్పు, నువ్వే నడుపు, మల్ల నువ్వే బిగియ్యి. నీ కండ్లతోని నువ్వే సూస్కో. గంతే" అన్నాడు.

రెండు రోజులు నర్సింలు బండి తీయలేదు. మూడో రోజు పాసింజర్లు ఎవరినీ ఎక్కించుకోకుండా ఒక్కడే బోధన్ పోయాడు. ఇంటి నుంచి తెచ్చిన నీళ్ల డబ్బాలు రెండు వెనుక సీట్లో పెట్టుకున్నాడు.

మొదట రేకులు ఉండగానే బారులో దూరాడు. పద్నాలుగు నిమిషాలకి ముల్లు కొసకి పోయింది. పక్కకి తీసి చల్లార్చుకుని, తువ్వాల పరుచుకుని కింద దూరి, పదహారు స్క్రూలు తనే విప్పాడు. విప్పిన రేకుల్ని కూడా డిక్కీలో పెట్టి గొలుసు వేశాడు. మళ్లీ మొదటికి పోయి అదే బారులో అదే లారీల వెనుక దూరాడు. పది నిమిషాలు. పదిహేను. ఇరవై. ముల్లు మధ్య నుంచి కొంచెం లేచి, అక్కడే నిలబడింది. అతని చూపు బయటకి పోవడం మానేసింది. ముల్లునే చూస్తున్నాడు. అరగంటకి ఫ్యాక్టరీ గేటు వచ్చేసింది. బండి మరగలేదు.

అయినా అతను నమ్మలేదు. ఈ రోజు చలిగాలి ఉంది కదా అనుకున్నాడు. గేటు పక్కన చింతచెట్టు కింద ఆపి రేకులు మళ్లీ బిగించాడు. చేతులకి గ్రీజు, మోచేతులకి మట్టి. బారులో మూడోసారి దూరితే, ఒక బండిరైతు తన ఎడ్ల మధ్య నుంచి తొంగిచూసి అడిగాడు. "ఏమన్న, పొద్దటి సంది గిట్లనే తిరుగుతున్నవ్? ఏమన్న పోగొట్టుకున్నవా?"

నర్సింలు జవాబు చెప్పేలోపు ముల్లు లేవడం కనబడింది. ఆవిరి లేచేదాకా ఆగకుండా ఇంజన్ ఆపేశాడు.

చుట్టూ చూశాడు. అలవాటు అది. ఎడ్లు, చెరకు మోపులు, ఎండకి తలగుడ్డలు చుట్టుకున్న మనుషులు. ఒక్కరూ అతని బండి వైపు చూడటం లేదు. ఇవాళ పొద్దుటి నుంచి ఈ బండిని ముట్టింది తనొక్కడే. అతనికి ముందుగా కోపం వచ్చింది, ఆ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. తర్వాత గంగవ్వ అరుపు వినబడింది, ఆ రోజు విననంత గట్టిగా. స్టీరింగు మీద తల ఆన్చి కాసేపు అలాగే ఉండిపోయాడు. వెనుక లారీవాడు హారన్ కొట్టాడు. నర్సింలు దిగి, రోడ్డు మీదే బండి కింద దూరి, పదహారు స్క్రూలూ ఇంకోసారి విప్పాడు. ఆ రేకుల్ని ఈసారి డిక్కీలో పెట్టలేదు. రోడ్డు పక్క గుంతలో పడేశాడు.

రాజారాం ఫ్యాక్టరీ యార్డులో ట్రాక్టర్ మీద కూర్చుని తన వంతు కోసం చూస్తున్నాడు. బావ మట్టికొట్టుకున్న బట్టలతో నడిచి రావడం చూసి దిగాడు కానీ ముందుకు రాలేదు.

"బెల్టు దానంతట అదే లూజైంది," అన్నాడు నర్సింలు. వచ్చేటప్పుడు దారంతా వేరే మాటలు అనుకుంటూ వచ్చాడు. ఇది వచ్చింది. "తర్వాత మరిగింది నేను పెట్టిన రేకులకు."

"నాకెర్కనే బావా. బెల్టు సంగతి నేను ఆనాడే జెప్పిన."

"తప్పు నాదే. నీ మీద అన్నది... అనకపోయేది ఉండె."

రాజారాం దూరంగా చెరకు తూకం వేసే చోటు వైపు చూశాడు. "నేను మల్ల నీ బండి మీదికి రాను. గిది నాకు మంచిగున్నది. ఈడ ఎవలూ నన్ను సూస్కుంట నిలబడరు" అన్నాడు. "అక్కకు జెప్పినవా?"

"లేదు. ముందుగాల నీ దగ్గరికొచ్చిన."

"ఆమెకు జెప్పు. స్టేషన్ కాడ ఆత్మారాంకు గూడ జెప్పు. నా పేరుతోని ఆయన పేరు గూడ కలిపితివి."

ఆత్మారాంకి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. ఆరుగురు డ్రైవర్లు టీ తాగుతుండగా పోయి, తన బండి ఎందుకు మరిగిందో, తాను ఎవరెవరిని అనుమానించాడో మొత్తం చెప్పాడు. పెట్రోలు పోసేవాడి పేరు కూడా దాచలేదు. ఆత్మారాం వింటూ వింటూ గ్లాసు కింద పెట్టి, "నన్ను గూడనా?" అని విరగబడి నవ్వాడు. నర్సింలుకి ఆ నవ్వు నచ్చలేదు. నిలబడి భరించాడు.

ఇంటి దగ్గర వసంతమ్మ మొత్తం విని, పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంది. "నాకు కార్ల సంగతి తెల్వది. నా తమ్ముని సంగతి తెలుసు. నువ్వు రేకులు ఇప్పి సూసేదాంక నమ్మలే. నేను సూడకుండనే నమ్మిన."

ఆ రోజు ఆమె అతనితో కలిసి తినలేదు. రాజారాం నాలుగు వారాల తర్వాత ఒక ఆదివారం ఇంటికి వచ్చి భోంచేసి వెళ్లాడు. అక్కతో మాట్లాడినంత సేపు బావతో మాట్లాడలేదు. వసంతమ్మ ఆ సాయంత్రం రెండు పళ్లేలు తెచ్చి ఒకటి తన ముందు పెట్టుకుంది.

నర్సింలు మారిపోయాడని అంటే అబద్ధం. బానెట్ తాళం తీసేశాడు కానీ పెట్రోలు మూత తాళం అలాగే ఉంది. ఎవరైనా బండికి ఆనుకుంటే మెడ తిరిగేది. అయితే బండిలో ఏదైనా చప్పుడొస్తే ముందు బండినే అడగడం నేర్చుకున్నాడు. నెలకోసారి శక్కర్‌నగర్ పోయి ఏసుదానం దగ్గర కూర్చునేవాడు. రూతమ్మ టీ ఇస్తే ఆమె చేతిలో నుంచి తీసుకుని అప్పుడే తాగేవాడు. ఏసుదానం చనిపోయినప్పుడు శవపేటిక మోసినవాళ్లలో అతనూ ఒకడు.

డెబ్బై నాలుగులో విలాయతి కారుకి సామాన్లు దొరక్క అమ్మేశాడు. పసుపు మార్కెట్ యార్డులో గేటు దగ్గర కాపలా పని దొరికింది. బయటకి పోయే ప్రతి లారీనీ ఆపి, బస్తాలు లెక్కపెట్టి, టార్పాలిన్ ఎత్తి చూడాలి. ఆ పని అతనికి తగినట్టే ఉంది. వ్యాపారులు విసుక్కునేవారు, యార్డు పెద్దలు మెచ్చుకునేవారు.

ఒక మార్చి నెల మధ్యాహ్నం పసుపు ఎత్తుకుని ఒక లారీ గేటు దగ్గరికి వచ్చింది. స్టీరింగు ముందు రాజారాం. ట్రాక్టర్ వదిలి రెండేళ్లుగా లారీ నడుపుతున్నాడు. నర్సింలు చీటీ చేతిలో పట్టుకుని, అతన్ని చూసి, టార్పాలిన్ తాడు ముట్టాలా వద్దా అని ఆగిపోయాడు.

రాజారాం తలుపు తెరిచి దిగాడు. తానే తాడు విప్పి టార్పాలిన్ మూల పైకెత్తి పట్టుకున్నాడు. "సూడు బావా. అందరిది సూసినట్టే సూడు. నాదొక్కటి ఇడిసిపెడితే నాకే మంచిగనిపియ్యది."

నర్సింలు బస్తాలు లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. సరిపోయాయి. చీటీ మీద వేలిముద్ర వేసి ఇస్తే, రాజారాం అది జేబులో పెట్టుకుని, "పొద్దుమీకి ఇంటికొస్తున్న, అక్కకు జెప్పు. వంకాయ వండమను" అని లారీ ఎక్కాడు.